గమనించడమైనది

కాల్డర్‌షా ఊళ్ళో, నవంబరు సాయంత్రం,
బ్యాడ్మింటన్ హాల్లో వల విప్పేసి
ఆ రంగు గీతల మీదే కుర్చీలు వేశారు.
మధ్యలో బల్ల. బల్ల మీద
తెల్ల అట్టతో చేసిన కొత్త ఆసుపత్రి.
స్పాంజి చెట్లు. చింతగింజంత అంబులెన్సు.
గోరంత మనుషులు ఓ నలభైమంది,
అందరూ నిటారుగా నడుస్తున్నారు.
ఒక్కరికీ చేతికర్ర లేదు.
ఒంట్లో బాగాలేనివాడు ఒక్కడూ రాలేదు
ఆ ఆసుపత్రికి.

నేను మూలన కూర్చుని రాసుకునేదాన్ని,
కౌన్సిల్ గుమస్తాని.
ఎవరేమన్నా నా దగ్గర ఉన్నది ఒకటే మాట:
గమనించడమైనది.
రాసేది ఇంగ్లీషులోనే, అయినా
లోపల ఎమ్మార్వో ఆఫీసు తెలుగే వినిపిస్తుంది నాకు.
ఎవరు గమనించారో అది చెప్పదు.
కర్త లేని వాక్యం కదా,
కాళ్ళుండవు, గది దాటి పోదు.

ఫెన్విక్ గారు తెర మీద అంకెలు చూపించారు.
పాతదాంట్లో రెండువందల పన్నెండు పడకలు
కొత్తదాంట్లో నూట అరవైనాలుగు.
"తగ్గించడం కాదండీ, ఇంటికి దగ్గరగా వైద్యం."
పడక అంటే మా భాషలో మంచం,
పడకుండా అని కూడా.
నలభై ఎనిమిది పడకలు
ఎవరి కంటా పడక పోయాయి.
నాకు నవ్వొచ్చింది.
నవ్వితే రాయడానికి గడి లేదు.

మనిషికి మూడు నిమిషాలు, తర్వాత గంట.
టాక్సీ నడిపే ఇంతియాజ్ లేచి
"మంచు పడితే కొండ రోడ్డు మూసేస్తారు,
అప్పుడు కాన్పుకొచ్చిన మనిషిని నేనెటు..."
గంట.
ఎవరో పార్కింగు రుసుము.
ఎవరో పాత చాపెల్ కప్పులోని గబ్బిలాలు.
గబ్బిలాల మీద నలభై పేజీల నివేదిక ఉంది,
రాత్రి డ్యూటీ దిగే నర్సుల బస్సు మీద
అర పేజీ.

అప్పుడు లేచింది డొరీన్ ఆక్‌రాయిడ్.
ఎనభై దాటింది. మిల్లులో దారాలు అతికిన వేళ్ళు.
"బస్సు దిగే చోటి నుంచి తలుపు దాకా
మీ ప్లాను మీద జానెడు.
నేల మీద రెండువందల అరవై గజాలు, నడిచి కొలిచాను.
మా ఆర్థర్ ముప్ఫై గజాలకోసారి ఆగుతాడు.
ఆగినప్పుడు ఎక్కడ కూర్చుంటాడు?"

"మంచి ప్రశ్న" అన్నారు ఫెన్విక్ గారు.
నాలుగేళ్ళుగా రాస్తున్నాను,
మంచి ప్రశ్న అంటే జవాబు లేదని.

ఆమె కోటు గుండీ ఒకటి పుటుక్కున తెంపింది.
గోధుమరంగు, నాలుగు కన్నాలు,
పోగు దారం ఇంకా వేలాడుతోంది.
బల్ల మీదికి వంగి
ఆ తెల్లటి దారిలో నడిమధ్య పెట్టింది.
"ఇదిగో. బెంచీ."

గంట కొట్టే కుర్రాడు కొట్టడం మరిచాడు.
నేను రాశాను: బెంచీ. గమనించడమైనది.

ఫిబ్రవరిలో ప్లాను ఏడో ప్రతి వచ్చింది.
పడకలు నూట అరవై ఒకటి. గబ్బిలాలు క్షేమం.
చూడ్డానికి డొరీన్ వచ్చింది,
కోటుకి గుండీ చోట పిన్నీసు.
కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు వెతికింది.
నేనే వేలు పెట్టి చూపించాను:
దారి మధ్యలో చిన్న గుండ్రం,
లోపల నాలుగు చుక్కలు,
పక్కన చీమతలకాయంత అక్షరాల్లో
"మ్యాన్‌హోల్ మూత".

ఎవరో బొమ్మను ఫొటో తీసుకెళ్ళి
ఉన్నదున్నట్టు గీశారు.
దారం మాత్రం వదిలేశారు.
ఆమె నవ్విన నవ్వుకి
హాలు చివర కాపలావాడు తిరిగి చూశాడు.

సవరణల కాగితం గుమస్తాలు నింపకూడదు.
అందరూ వెళ్ళాక, లైట్లు ఒక్కో వరుసా ఆరుతుంటే,
నింపాను.
అది మూత కాదు, బెంచీ.
డొరీన్ ఆక్‌రాయిడ్ పెట్టింది.
నేను చూశాను.